రౌండ్ తిరుగుతోంది

పాలకొల్లులో మా ఇంటి ఓనరుగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. ఆవిడకి నెట్ కనెక్షన్ ఇచ్చినవాడు ఒకప్పుడు ఆవిడ క్లాసులో వెనక బెంచీ కుర్రాడు. డిష్ యాంటెన్నాల కాలంలో కేబుల్ టీవీ నడిపి, ఆ వ్యాపారం చిక్కిపోతుంటే ఫైబర్‌లోకి మారాడు. ఇద్దరికీ ఒకటే తగువు. స్మార్ట్ టీవీలో సినిమా మధ్యలో ఆగి రౌండ్ తిరిగితే ఆ తప్పు ఇంటిదా, లైనుదా? నా బాధ్యత మీ గుమ్మం దాకానేనంటాడు అతను. గుమ్మంలో నిలబడి సినిమా చూడ్డానికి డబ్బు కట్టడం లేదంటుంది ఆవిడ. పై వాటాలో అద్దెకుండేవాణ్ణి కాబట్టి రెండు పక్షాలూ నా చెవిన పడ్డాయి. చీవాట్లు తీసేసి, మిగిలింది రాస్తున్నాను.

టీచర్: 100 ఎంబీపీఎస్ అని చెప్పి అంటగట్టావు. రాత్రి ఎనిమిదిన్నరకి సినిమా పెడితే విలన్ నోరు తెరిచినప్పుడల్లా ఆగిపోతోంది. వాడేమన్నాడో తెలిసేసరికి నాకు నిద్రొస్తోంది.

ఆపరేటర్: ఇదిగోండి టీచర్‌గారూ, మీ ముందే స్పీడ్ టెస్ట్ కొట్టాను. 94 వచ్చింది. నూటికి 94 అంటే మీరు నా జన్మలో నాకు వెయ్యని మార్కులండి.

టీచర్: ఎక్కడ నిలబడి కొట్టావు?

ఆపరేటర్: ఇక్కడేనండి, రూటర్ పక్కన.

టీచర్: టీవీ ఎక్కడుంది?

ఆపరేటర్: లోపల పడగ్గదిలో ఉందండి. అయితే లైను మాత్రం...

టీచర్: లైను సంగతి తర్వాత. నువ్వు కొలిచింది నీ సరుకు. నేను చూసేది నా టీవీ. రెండింటి మధ్య రెండు గోడలూ, ఒక ఇనప బీరువా ఉన్నాయి. ఆ సంగతి నీ 94లో ఎక్కడ కనిపించింది?

ఆపరేటర్: అదేనండి నేను మొత్తుకునేది. ఆ గోడలు నేను కట్టించలేదు. బీరువా నేను కొనలేదు. రూటర్‌ని షోకేస్‌లో స్టీలు సామాను వెనక, బాబా పటం పక్కన పెట్టమనీ చెప్పలేదు. కనెక్షన్ ఇచ్చిన రోజున బయటే పెట్టి వెళ్లాను. వైర్లు కనబడితే అసహ్యంగా ఉందని తమరే లోపలికి నెట్టారు.

టీచర్: సరే, అది నా ఖాతాలో రాసుకో. ఇప్పుడు చెప్పు, ఫుల్ హెచ్‌డీ సినిమాకి ఎంత స్పీడు కావాలి?

ఆపరేటర్: నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెబుతారండి. మామూలు హెచ్‌డీకి 3 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5, ఫోర్ కేకి 15.

టీచర్: నేను చూసేది ఫుల్ హెచ్‌డీ. అంటే నువ్విచ్చేదాంట్లో ఇరవయ్యో వంతు చాలు. మా అబ్బాయి డల్లాస్ నుంచి ఫోన్ చేసి 300 ప్లాన్‌కి మారిపోమ్మా అంటున్నాడు. కావలసినదానికి ఇరవై రెట్లు ఉన్నా ఆగుతున్నప్పుడు అరవై రెట్లు పెడితే ఆగదా?

ఆపరేటర్: ఆగుతుందండి. నాకు నష్టమైనా చెబుతున్నాను, మార్చకండి. 300కి మారిస్తే ఈ షోకేస్ దగ్గర 280 వస్తుంది. పడగ్గదిలో ఇప్పుడు వస్తున్నదే వస్తుంది.

(ఇక్కడ అతన్ని మెచ్చుకోవాలి. ఫిర్యాదు వచ్చిన ప్రతి ఇంటికీ పెద్ద ప్లాన్ అమ్మేవాళ్లు ఊరికొకరుంటారు. అది అమ్మాక మళ్లీ ఫిర్యాదు వస్తే మెష్ రూటర్లు అమ్ముతారు, ఆ తర్వాత కొత్త టీవీ కొనమంటారు.)

టీచర్: పడగ్గదిలో పది వచ్చినా నాకు చాలాలి కదా?

ఆపరేటర్: ఎప్పుడూ పది వస్తే చాలునండి. ఒక నిమిషం ముప్పై వచ్చి, మరో నిమిషం ఒకటే వస్తేనే ఇబ్బంది. సినిమా ఒక్క ధారగా రాదు. ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఒక్కో ముక్క రెండు సెకన్ల నుంచి పది సెకన్ల దాకా ఉంటుంది. టీవీ కొన్ని ముక్కలు ముందే తెచ్చి దాచుకుంటుంది. పెళ్లి పంక్తిలో విస్తట్లో అన్నం ఉన్నంతసేపు, వడ్డించేవాడు వంటశాల దగ్గర కబుర్లాడుతున్నా మనకి పట్టదు. విస్తరి ఖాళీ అయ్యాకే తలెత్తి చూస్తాం. ఆ తలెత్తి చూడ్డమే ఈ రౌండ్.

టీచర్: పోలిక బాగుంది. లెక్క చెయ్యి. సెకనుకి 5 మెగాబిట్ల సినిమా, ఆరు సెకన్ల ముక్క. ముక్కకి ఎంత?

ఆపరేటర్: 30 మెగాబిట్లండి.

టీచర్: నీ 100లో అది 0.3 సెకన్లలో వచ్చేస్తుంది. మిగతా 5.7 సెకన్లూ లైను ఖాళీగా కూర్చుంటుంది. ఇప్పుడు టీవీకి అందేది 3కి పడిపోయిందనుకో. అదే ముక్కకి 10 సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లలో టీవీ పది సెకన్ల సినిమా ఆడించేసింది, కొత్తగా వచ్చింది ఆరే. ప్రతి పదికీ నాలుగు తరుగు. దాచుకున్నది 30 సెకన్లయితే ఎంతసేపట్లో అయిపోతుంది?

ఆపరేటర్: ...

టీచర్: 75 సెకన్లు. అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే.

ఆపరేటర్: లెక్క సరేనండి, కానీ యాప్ మరీ అంత అమాయకంగా ఉండదు. స్పీడు తగ్గిందని పసిగట్టి తక్కువ క్వాలిటీ ముక్కలు అడుగుతుంది. అందుకే ఒక్కోసారి ఆగకుండానే బొమ్మ మసకబారుతుంది, హీరోయిన్ చీర మీద బుటాలు అలికేసినట్టవుతాయి. మెల్లిగా తగ్గితే సర్దుకుంటుంది. ఒక్కసారిగా పడిపోతేనే దానికి టైము చాలదు. మీకు బొమ్మ మసకబారాక ఆగుతోందా, నిగనిగలాడుతూనే ఆగుతోందా?

టీచర్: నిగనిగలాడుతూనే.

ఆపరేటర్: అయితే మీరు వాడే యాప్‌లో ఎవరో క్వాలిటీని మార్చి పైమెట్టు మీద కట్టేసి ఉంటారు. కొన్ని యాప్‌లలో అలా కట్టేయొచ్చు. 'ఆటో'లో పెట్టండి.

టీచర్: మా మనవడు. వేసవి సెలవలకి వచ్చి, అమ్మమ్మకి మంచి బొమ్మ కనిపించాలని మార్చి వెళ్లుంటాడు.

ఇంకొకటి నేను కలుపుతాను. జనం బఫరింగ్ అని ఫిర్యాదు చేసేవన్నీ బఫరింగ్ కావు. రౌండ్ తిరిగితే డేటా అందడం లేదని అర్థం. బొమ్మ ఆగకుండా, కెమెరా పక్కకి తిరిగినప్పుడు మాత్రమే సన్నగా కుదుపులు వస్తే దానికీ నెట్‌కీ సంబంధం లేదు. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీస్తారు, మన టీవీ తెర మామూలుగా సెకనుకి 60 సార్లు మారుతుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు చూపించి సరిపెడుతుంది కాబట్టి ఆ కుదుపు. కొన్ని టీవీల్లో దీనికి విడిగా ఒక సెట్టింగ్ ఉంటుంది. ఇక యాప్ తనంతట తాను మూసుకుపోయి హోమ్ పేజీ వస్తే అది ఎక్కువగా టీవీ మెమరీ జబ్బు. ఈ మూడూ విడదీసుకోకుండా ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే, అతను మూడింటికీ కలిపి ఒకే సలహా ఇస్తాడు: రూటర్ ఆపి ఆన్ చెయ్యండి.

టీచర్: ఆపి ఆన్ చెయ్యమనడం కాకుండా, ఎక్కడ తేడా ఉందో తేల్చే పద్ధతి ఏదైనా ఉందా నీ దగ్గర?

ఆపరేటర్: ఉందండి. మూడు పరీక్షలు. సినిమా ఆగిన క్షణంలోనే, టీవీ ముందే నిలబడి, ఫోన్‌లో అదే వైఫై మీద అదే సినిమా పెట్టండి. ఫోన్‌లోనూ ఆగితే టీవీ నిర్దోషి. తర్వాత ఫోన్ పట్టుకెళ్లి రూటర్ పక్కన పెట్టండి. అక్కడ ఆడితే గోడలదీ బీరువాదీ తప్పు. అక్కడా ఆగితే నాది. మూడోది, ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి టీవీని దానికి తగిలించండి. అప్పుడు బాగా ఆడితే టీవీ మంచిదే. అప్పుడూ ఆగితే, సిగ్నల్ ఉన్న ఊళ్లోనే ఉన్నాం కాబట్టి, టీవీనే చూడాలి. ఐదు నిమిషాలు చాలు, రాత్రంతా అలా వదిలేస్తే మొబైల్ డేటా గంటకి 3 జీబీ దాకా తినేస్తుంది.

టీచర్: ఇంత చక్కని పద్ధతి తెలిసి స్పీడ్ టెస్ట్ ఒక్కటి కొట్టి వెళ్లిపోతావేం?

ఆపరేటర్: మూడు పరీక్షలూ ఎనిమిదిన్నరకి చెయ్యాలి. మధ్యాహ్నం మూడింటికి చేస్తే అన్నీ పాసే. ఎనిమిదిన్నరకి నాకు ఒకేసారి పదిళ్ల నుంచి ఫోన్లు వస్తాయి.

ఆ రాత్రి అతను నిజంగానే వచ్చాడు. యూట్యూబ్‌లో ఒక పాత సినిమా పెట్టి, సెట్టింగ్స్‌లోంచి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరిచాడు. తెర మూలన చిన్న అక్షరాల పట్టిక వచ్చింది. అందులో 'బఫర్ హెల్త్' అని ఒక వరస, దాని ఎదురుగా సెకన్లలో అంకె. దాచుకున్న సినిమా ఎన్ని సెకన్లు మిగిలిందో అది చూపిస్తుంది. టీచర్‌గారు సినిమా వదిలేసి ఆ అంకెనే చూడసాగింది. పెరిగింది, నిలబడింది, ఉన్నట్టుండి దిగడం మొదలెట్టింది.

టీచర్: చూడు, ఇప్పుడే పడిపోతోంది. ఏం జరిగింది?

ఆపరేటర్: వంటింట్లో మైక్రోవేవ్ ఎవరో ఆన్ చేశారండి.

టీచర్: సాంబారు వెచ్చబెట్టమని పనమ్మాయికి నేనే చెప్పాను. సాంబారుకీ సినిమాకీ ఏంటి?

ఆపరేటర్: మీ టీవీ పాతది, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటుంది. మైక్రోవేవ్ తిరిగేదీ ఇంచుమించు 2.45 దగ్గరే. తలుపు సందుల్లోంచి కొద్దిగా కారినా పక్కనున్న వైఫైకి అది గోలే. ఇక బ్లూటూత్ స్పీకరు, పక్కింటి రూటర్లు అన్నీ అక్కడే గుమిగూడతాయి. మొత్తం బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా పనిచేసే ఛానళ్లు మూడే, 1, 6, 11. ఈ వీధిలో నా ఫోన్‌కి కనిపిస్తున్న వైఫై పేర్లు చూడండి, ఎన్నున్నాయో.

టీచర్: సాంబారు రెండు నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత కూడా ఆగుతోందిగా.

ఆపరేటర్: గేటు మీద రెండు కెమెరాలున్నాయి చూశారా? మీ అబ్బాయిగారు అక్కడి నుంచి మిమ్మల్ని చూసుకోడానికి పెట్టించినవి. అవి పొద్దస్తమానం వీడియో పైకి పంపిస్తూనే ఉంటాయి. వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. గేటు దూరం కాబట్టి కెమెరాకి సిగ్నల్ తక్కువ, అది నత్తినత్తిగా మాట్లాడుతుంది. నాలుగు మాటలకి పది మాటల టైము తింటుంది. అంతసేపూ మీ టీవీ తన వంతు కోసం కాచుకోవాలి.

టీచర్: బాగుందిరా. సాంబారు నాది, కెమెరా నా కొడుకుది, క్వాలిటీ మార్చింది మనవడు, బీరువా మా అత్తగారిది. తిలాపాపం తలా పిడికెడు, నీకు మాత్రం ఒక్క గింజ లేదు!

ఇక్కణ్ణించి ఆవిడ దాడి మొదలైంది. నిజం చెప్పాలంటే నేను ఎదురు చూస్తున్నది దీని కోసమే.

టీచర్: వీధి చివర స్తంభం మీద పెట్టె పెట్టావు. దాంట్లోంచి ఎన్నిళ్లకి లైను పోతుంది?

ఆపరేటర్: ఒక పోర్ట్ మీద 64 దాకా వేసుకోవచ్చండి. స్ప్లిట్టర్ అంటారు, కరెంటు అక్కర్లేదు, ఒక్క పోగులో వచ్చే వెలుగుని 64గా విడదీస్తుంది.

టీచర్: ఆ పోర్ట్ సత్తా?

ఆపరేటర్: జీపాన్ అయితే కిందికి 2.488 గిగాబిట్లు. రెండున్నర అనుకోండి.

టీచర్: 64 ఇళ్లకి తలా వంద అమ్మితే 6,400. నీ దగ్గరున్నది 2,488. లేనిది అమ్మావన్నమాట. రెండున్నర రెట్లు!

ఆపరేటర్: అంకె అదేనండి, అర్థం అది కాదు. 64 ఇళ్లలోనూ ఒకేసారి ఫుల్ హెచ్‌డీ సినిమా పెట్టినా 64 ఇంటూ 5, అంటే 320. అందరూ ఫోర్ కే టీవీలు కొనుక్కుని ఒకేసారి పెట్టినా 64 ఇంటూ 15, 960. నా పోర్ట్‌లో సగం కూడా నిండదు. పెద్ద ఫైలు డౌన్‌లోడ్ చేసేవాడికి కాసేపు పూర్తి వంద దొరుకుతుంది, వాడు దిగిపోగానే ఇంకొకడికి. అది మోసం కాదండి, పంచుకోవడం.

టీచర్: (కొంచెం సేపాగి) లెక్క ఒప్పుకుంటాను. అప్పట్లో ఇలా చేసుంటే నీకు ఫస్ట్ క్లాస్ వచ్చేది. మరి స్తంభానికీ ఇంటికీ మధ్య తేడా రాదా? వాన పడ్డప్పుడల్లా నెట్ నెమ్మదిస్తోందంటారు.

ఆపరేటర్: ఫైబర్‌లో నెమ్మదించడం తక్కువండి. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. వెలుగు ఎంత అందుతోందో పవర్ మీటరు పెట్టి డెసిబెల్స్‌లో చూస్తాం. మీ ఇంట్లో మైనస్ 21 వస్తోంది. 64గా విడదీసినందుకే 18 పోతుంది...

టీచర్: పది ఇంటూ లాగ్ 64. 18.06.

ఆపరేటర్: ఆయ్, అదేనండి. మైనస్ 27 దాకా పనిచేస్తుంది. మైనస్ 17 ఉన్నవాడికీ, మైనస్ 24 ఉన్నవాడికీ స్పీడు ఒకటే. 27 దాటితే తప్పులు మొదలై, ఇంకా దిగితే పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది. వైరుని మేకు దగ్గర మడత పెట్టినా వెలుగు కారిపోతుంది. వానకి అతుకు పెట్టెలోకి నీళ్లు దిగినా, గడ్డి లారీ తగిలి వైరు లాగినా అంతే. అవన్నీ నా పనేనండి, కాదనను. కానీ మీ ఇంట్లో ఎర్ర లైటు ఎప్పుడూ వెలగలేదు.

టీచర్: అయితే పోర్ట్ ఖాళీగా ఉంది, వెలుగు సరిపోతోంది. ఇక నువ్వు పైనుంచి కొనే బ్యాండ్‌విడ్త్ మిగిలింది. ఊరు మొత్తానికీ కలిపి ఎంత కొంటున్నావు?

ఆపరేటర్ సమాధానం చెప్పలేదు. టీ తాగాడు. గ్లాసు కింద పెట్టాక చెప్పింది వేరే సంగతి.

ఆపరేటర్: అన్నీ పైనుంచే రావాలని లేదండి. నెట్‌ఫ్లిక్స్ వాళ్లకి ఓపెన్ కనెక్ట్ అని సొంత ఏర్పాటుంది. జనం బాగా చూసే సినిమాలు, సిరీస్‌లు ఉన్న పెట్టెల్ని నెట్ కంపెనీల దగ్గరే పెడతారు. గూగుల్ వాళ్లూ యూట్యూబ్ కోసం అలాగే పెడతారు. అందువల్ల కొత్త సినిమా దగ్గర్నుంచే వస్తుంది. ఎవరూ చూడని పాత సినిమాకే దూరం నుంచి తేవాలి.

టీచర్: నేను చూసేవన్నీ ఎవరూ చూడని పాత సినిమాలే. అందుకే అడుగుతున్నాను. నీ స్పీడ్ టెస్ట్ ఏ సర్వర్‌తో మాట్లాడుతుంది?

ఆపరేటర్: ఆటోమేటిక్‌గా దగ్గరున్నదాన్ని పట్టుకుంటుంది.

టీచర్: చూశావా? గుమ్మం ముందున్న కొట్టుకి వెళ్లొచ్చి, రాజమండ్రి వెళ్లొచ్చానంటున్నావు.

ఆపరేటర్: అందుకేనండి నెట్‌ఫ్లిక్స్ వాళ్లు ఫాస్ట్ డాట్ కామ్ అని 2016లో పెట్టారు. అది కొలిచేది సినిమా వచ్చే సర్వర్ల నుంచే. నేను రాత్రి తొమ్మిదింటికి అది కూడా చూస్తుంటాను. పండగ రోజుల్లో, మ్యాచ్ రోజుల్లో దిగుతుంది. ఆ మాట నిజమే, నాది కూడా పిడికెడు ఉంది. కానీ అన్నిసార్లూ నా దగ్గరా కాదు. 2023 ప్రపంచకప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. 2024 నవంబరులో మైక్ టైసన్ బాక్సింగ్‌ని నెట్‌ఫ్లిక్స్ లైవ్ ఇచ్చినప్పుడు అమెరికాలోనే రౌండ్లు తిరిగాయి. అక్కడ ప్లాన్లు చిన్నవా? లైవ్‌లో ముందే తెచ్చి దాచుకోడానికి ఏముంటుందండి, ఆట ఇంకా జరగందే! నిల్వ కొన్ని సెకన్లే. సినిమా తట్టుకునే కుదుపుని మ్యాచ్ తట్టుకోలేదు.

టీచర్: నాకు మ్యాచ్‌ల పిచ్చి లేదు. రోజూ ప్రపంచకప్పూ జరగదు. టీవీ సంగతి చెప్పు.

టీవీ దగ్గర మాత్రం ఇద్దరూ తొందరగానే కుదిరారు. ఆ టీవీలో ర్యామ్ 1 జీబీ, స్టోరేజి 8 జీబీ, అందులో సగం కంపెనీ వాడి సాఫ్ట్‌వేరే. రిమోట్‌తో ఆఫ్ చేస్తే అది నిజంగా ఆగదు, కునుకు తీస్తుంది అంతే. అతను ప్లగ్ పీకి కాసేపు ఆగి పెట్టాడు, వాడని యాప్‌లు తీసేశాడు, మిగిలినవాటి క్యాష్ తుడిచాడు, పెండింగులో ఉన్న అప్‌డేట్ ఎక్కించాడు. మెనూలు చురుగ్గా కదిలాయి. ఇకముందు యాప్‌లు బరువెక్కి మళ్లీ మొరాయిస్తే కొత్త టీవీ కొనక్కర్లేదు, తెర బాగానే ఉంది కాబట్టి వెనక ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెడితే చాలన్నాడు. దాన్ని నేరుగా గుచ్చకుండా, పెట్టెలో వచ్చే చిన్న హెచ్‌డీఎంఐ ముక్కతో టీవీ వెనక నుంచి పక్కకి తీస్తే వైఫై బాగా అందుతుందట. డీఎన్‌ఎస్ మారిస్తే స్పీడ్ పెరుగుతుందని ఎవరో చెప్పారని నేను అడిగాను. అడ్రసు తొందరగా దొరుకుతుందేమో గానీ రోడ్డు వెడల్పవదు కదండీ అని నవ్వాడు.

టీచర్: ఇప్పుడు వైఫై. రిపీటర్ అని పన్నెండు వందలకో ఎంతకో అమ్ముతున్నారట.

ఆపరేటర్: ఒకే బ్యాండ్ ఉన్నది కొనకండి. ఒక చెవితో విని, మళ్లీ అదే ఛానల్ మీద చెప్పాలి, స్పీడు సగమవుతుంది. గుర్తు మాత్రం నిండుగా కనిపిస్తుంది, మనం మోసపోతాం. మీకు వైరే మందు. రూటర్ నుంచి టీవీకి క్యాట్ సిక్స్ లాగేస్తాను.

టీచర్: టీవీ వెనక ఆ పోర్ట్ 100కి మించదని మా అబ్బాయి అన్నాడు. కొత్త ఫోన్లకి వైఫైలోనే అంతకంటే ఎక్కువొస్తుందట.

ఆపరేటర్: మించదు, నిజమే. చాలా టీవీల్లో అంతే. కానీ మీకు కావలసింది 5. నూరు ఎప్పుడూ నూరుగా ఉంటే మీ సాంబారు, కెమెరా, పక్కింటివాళ్లు ఎవరూ దాన్ని కదపలేరు. పైగా టీవీ వైఫై నుంచి తప్పుకుంటే కెమెరాలకీ ఊపిరాడుతుంది.

టీచర్: మొన్న సంక్రాంతికే రంగులు వేయించాను. గోడకి కన్నం పెట్టనివ్వను.

ఆపరేటర్: ఇందాకట్నుంచి మీరు అడుగుతున్నది నేను చెయ్యాలి. నేనడిగింది మీరు చెయ్యరు.

అసలు వాదం ఇక్కడ ఉందని నాకు అనిపించింది. సాంకేతికం అంతా తేలిపోయాక కూడా తగువు తీరలేదు. గుమ్మానికి ఇవతలి బాధ్యత ఎవరిది? కరెంటు వాళ్లు మీటరు దాకా ఇస్తారు, ఇంట్లో వైరింగ్ మనది. ఆపరేటర్ వాదన అదే. కానీ కరెంటు వాడు మన ఇంట్లో ఫ్యాను ఇంత జోరుగా తిరుగుతుందని ప్రకటన వెయ్యడు. నెట్ అమ్మేవాళ్లు బోర్డుల మీద వేసేది సోఫాలో కూర్చుని సినిమా చూసే కుటుంబం బొమ్మ. బొమ్మ సోఫా దగ్గరా, పూచీ గుమ్మం దగ్గరా అయితే ఆ రెండింటి మధ్య నష్టం కొన్నవాడి నెత్తినే పడుతుంది. ఈ ఒక్క విషయంలో నేను టీచర్‌గారి పక్షం.

టీచర్: మా ఇంటి సంగతి నేను చూసుకుంటాను. నీ బిల్లు మీద ఏ అంకె ఎక్కడ కొలిచిందో రాయి.

ఆపరేటర్: రూల్ ప్రకారం అడిగితే, 2 ఎంబీపీఎస్‌కి తగ్గకుండా ఇస్తే అది బ్రాడ్‌బ్యాండేనండి.

టీచర్: తెలుసు. అంతకుముందు 512 కేబీపీఎస్ ఉండేది, 2023లో 2 చేశారు. అయితే స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద 100 చెరిపేసి 2 అని వేయించు. నేను ఒక్క మాట అడిగితే ఒట్టు.

ఆపరేటర్: (నవ్వి) అలా వేస్తే నా కనెక్షన్ ఎవడు తీసుకుంటాడండి?

టీచర్: అందుకే చెబుతున్నాను. కనెక్షన్ ఇచ్చిన రోజున టీవీ దగ్గర ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఇంకోసారి కొలువు. వెలుగు మైనస్ ఎంతో, టీవీ దగ్గర స్పీడ్ ఎంతో కాగితం మీద రాసి సంతకం పెట్టు. గోడ అడ్డం ఉందంటే గోడ అడ్డం అని రాయి. ఎవరి పిడికెడు వాళ్లకి తెలుస్తుంది.

ఆపరేటర్: ఇంటింటికీ రాత్రి తొమ్మిదింటికి వెళ్లాలంటే మనిషిని పెట్టుకోవాలండి. ఆ జీతం బిల్లులోనే కలపాలి. మీరు కడతారేమో, పక్కింటాయన నెలకి యాభై తక్కువని ఇంకొకడి దగ్గరికి పోతాడు.

టీచర్: పోనీ, అడిగినవాళ్లకే చెయ్యి. నేను అడుగుతున్నాను.

ఆపరేటర్: సరేనండి, మీకు రాసిస్తాను. మరి వైరు?

టీచర్: కన్నం లేకుండా రాదా?

ఆపరేటర్: తలుపు చట్రం పక్కనుంచి, నేల అంచున బల్లపరుపు కేబుల్ వేస్తాను, తెల్లది. రంగు మీద గీత పడదు. కానీ రూటర్ షోకేస్‌లోంచి బయటికి రావాలి. స్టీలు సామాను ఒక పక్కకి జరపాలి.

టీచర్: రూటర్ జరుపు. కెమెరాలు 2.4లోనే ఉండనీ. మీటరుకి ఎంత కేబులు?

ఆపరేటర్: కేబుల్‌కి డబ్బు వద్దండి. గురుదక్షిణ అనుకోండి.

టీచర్: దక్షిణలు వద్దు, ఎంతో చెప్పి తీసుకో. ఫ్రీగా వేయించుకుంటే రేపు నిన్ను అడగడానికి నాకు నోరుండదు. అడగాల్సింది ఇంకా ఉంది. ఊరు మొత్తానికీ పైనుంచి ఎంత కొంటున్నావో చెప్పలేదు.

ఆపరేటర్: ముందు క్లిప్పులు ఎక్కడెక్కడ కొట్టాలో చూపించండి, టీచర్‌గారూ.